ఇరవయ్యో పేరు

సవిత టీచర్ అబద్ధాలాడే మనిషి కాదు. ఈ ముచ్చట ముందుగాల్నే చెప్పాలె, లేకుంటే వినేటోళ్లు మొదటి మాటకే ఆమెను దొంగను చేస్తరు. నారాయణఖేడ్ల బస్ డిపో వెనక గల్లీ ఉన్నది చూడు, అండ్ల చివరి అర్ర, ముందట రేకుల పందిరి, పక్కన బోరింగు. అదే ఆమె అంగన్వాడీ. పధ్నాలుగేండ్లు నడిపింది. కిరాయి అర్రకు తన చేతుల తోటే సున్నమేసింది, గోడ మీద ఏనుగును తనే గీసింది. గీసేటప్పుడు పిల్లలు సతాయిస్తే ఏనుగుకు ఐదు కాళ్లయినయ్. పిల్లలేమో ఐదూ లెక్కవెట్టి, "టీచర్, మన ఏనుగు మస్తు జల్దీ ఉరుకుతది" అని మెచ్చుకునేటోళ్లు.

ఆ బడిల ఒక పద్ధతుండె. గోడకు రెండు దారాలు కట్టి ఉంటయ్. ఒకటి ఇంటి దారం, ఒకటి బడి దారం. పిల్లకొక అట్టబొమ్మ. ఒకరిది పిల్లి, ఒకరిది టమాట, ఒకరిది ఆటో. అక్షరాలు రాని పిల్లలకు బొమ్మే పేరు గదా. పొద్దున రాంగనే చెప్పులిడిసి, తన బొమ్మను ఇంటి దారం మీదికెళ్లి తీసి బడి దారానికి క్లిప్పు వెట్టాలె. పది గంటలకు సవిత పేర్లు పిలుస్తది. పిలిస్తే చెయ్యి నెత్తి మీద వెట్టుకొని "ఉన్న!" అని గట్టిగ చెప్పాలె. చెయ్యి లేపుమంటే పక్కోన్ని గుద్దుతరు, అందుకని నెత్తి మీద వెట్టించింది. పధ్నాలుగేండ్ల తెలివి ఊరికే వస్తదా మరి.

దసరా పోయినంక ఖేడ్ల జనం పలచవడ్తరు. వానను నమ్ముకున్న చెల్కలు. వాన మొఖం జూపకుంటే మనుషులు పట్నం మొఖం వడ్తరు. ఆ యేడు గల్లీల వరుసగ తాళాలు వడ్డయ్. ఇరవై ఏడుగురు పిల్లలుండే బడిల పందొమ్మిది మందే మిగిలిన్రు. పోయిన ఎనిమిది మందిల ఏడుగురి పేర్లు సవిత సర్కారిచ్చిన హాజరు ఫోన్ల పద్ధతిగ మార్చింది. 'వలస పోయిన్రు' అన్న కాడ ఒక్క నొక్కు నొక్కితే, పేరు ఇక్కడికెళ్లి పోయి, వాళ్లు బతకవోయిన కాడి అంగన్వాడీల చేరుతది. నొక్కకుంటే ఇక్కడనే ఉంటది. ఒక పిల్ల రెండు కాడ ఉండదు గదా, ఫోను ఒప్పుకోదు.

ఎనిమిదో పేరు కాడ ఆమె వేలు ఆగింది.

ఆ పేరు చందన. నాలుగేండ్లు ఇంకా నిండలే. అమ్మ సంధ్యారాణి, నాయిన సంగమేశ్. వాళ్లకు కంగ్టి తొవ్వల రెండెకరాలుండె, కంది ఎండిపోతే తాళమేసి పట్నంల బిల్డింగు పనికి పోయిన్రు. చందన అట్ట మీద గొడుగు బొమ్మ. బక్కపిల్ల. పోయేముందు తూకమేస్తే పదకొండు కిలోల ఆరు వందలు. మాట తక్కువ. గుడ్డు ఇస్తే తెల్లది పక్కకు వెట్టి, ముందుగాల పచ్చసొన తింటది. అందరూ తెల్లది తిని పచ్చసొన పారేస్తరు, ఈమె తరీకనే వేరు.

మరి వేలెందుకు ఆగిందంటే, గదే వారం సూపర్‌వైజర్ స్వరూపరాణి మేడం ఒక మాట చెవినేసి పోయింది.

"సవితా, పైకెళ్లి మాటొచ్చింది. ఇరవై మంది లేని సెంటర్లను పక్క సెంటర్ల కలుపుతరంట. ఫిబ్రవరిల లిస్టు పోతది. నీ కాడ ఎంతమంది?"

"ఇరవై, మేడం" అన్నది సవిత. నోట్లకెళ్లి మాట దానంతటదే వచ్చింది.

పందొమ్మిదికీ ఇరవైకీ నడుమ ఒక్క పేరు. ఆ ఒక్క పేరు లేకుంటే ఈ అర్ర పోతది, ఐదు కాళ్ల ఏనుగు పోతది, ఆయా పోశమ్మ పని పోతది. తననేమో ఎక్కడనో సిర్గాపూర్ అవతల ఊరికి ఆటోల తిరుగుమంటరు. 'మూడు నెలల కత. లిస్టు పోంగనే తీసేస్తా. పిల్ల కూడ ఎట్లనో తిరిగొస్తది గదా' అనుకున్నది. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టే.

పేరున్నంక హాజరు వెయ్యాలె. హాజరేసినంక గుడ్డు కూడ రాయాలె. మరి రాసిన గుడ్డును ఏం చెయ్యాలె?

సవిత బిడ్డ శివాని ఇంటర్ చదువుతున్నది. పిల్లకు రక్తం తక్కువుండె, మెట్లెక్కితే కండ్లు తిరిగేటియి. దవాఖానల డాక్టరమ్మ, "రోజొక గుడ్డు తినవెట్టు" అన్నది. వాళ్లదేమో లింగం కట్టుకున్న ఇల్లు. గుడ్డు పేరెత్తితే అత్త కల్లమ్మ "శివ శివా" అని చెవులు మూసుకుంటది. బడిల గుడ్లు పంచొచ్చిన కోడలు తానం చేసినంకనే పొయ్యి కాడికి రావాలె, గంత నియమం. అందుకని చందన గుడ్డు పచ్చ టిఫిన్ డబ్బలకు పోయేది. మూడున్నరకు పిల్లలు ఇండ్లకు పోయినంక, పోశమ్మ బోరింగు కాడ గిన్నెలు తోముతుంటే, కాలేజీకెళ్లి వచ్చిన శివాని తలుపు వెనక నిలవడి గబగబ తినేది. పోశమ్మకు తెల్వదు. ఇంట్ల అసలే తెల్వదు. నెల తిరిగేసరికి శివాని చెంపలకు రంగొచ్చింది. తల్లి కడుపు సల్లవడ్డది.

అప్పుడే మొదటి ఫోనొచ్చింది.

"టీచర్, నేను సంధ్యను. ఇక్కడి అంగన్వాడీకి పోతే, మీ పిల్ల పేరు ఖేడ్లనే నడుస్తున్నది, ఆడ తీపిస్తెనే ఈడ ఎక్కుతది అన్నరు. పేరు లేకుంటే బువ్వ వెట్టరంట. జర తీసెయ్యరాదు."

"తీస్తనే ఉన్న సంధ్యా, సర్వర్ పనిచేస్తలేదు. రేపో ఎల్లుండో అయితది. ఫికర్ చెయ్యకు" అన్నది సవిత. ఫోన్ వెట్టేసినంక చేతులు కడుక్కున్నది. ఎందుకు కడుక్కున్నదో ఆమెకే తెల్వదు.

గొడుగు బొమ్మ ముచ్చట అక్కడ మొదలైంది. మేడం ఎప్పుడొస్తదో తెల్వదు గనుక, సవితనే రోజూ పొద్దున ఆ అట్టను బడి దారం మీదికి మార్చేది. ఒకనాడు మర్చిపోయింది. పది గంటలకు యాదికొచ్చి చూస్తే గొడుగు బడి దారం మీదనే ఉన్నది. పిల్లలెవరో మార్చిన్రనుకున్నది. తెల్లారి కావాలనే మార్చలే. తాళం తనే తీసింది, అందరికన్న ముందు లోపలికి తనే వచ్చింది. నిన్న సాయంత్రం ఇంటి దారం మీద వెట్టిన గొడుగు, బడి దారానికి వేలాడుతున్నది. మిగిలిన పందొమ్మిదీ ఇంటి దారం మీదనే ఉన్నయ్.

'ఎలుకలేమో' అనుకున్నది పిచ్చిది. ఎలుకలు క్లిప్పులు వెడ్తయా?

అది మొదలు పిల్లల నడతలనే ఏదో తేడా వచ్చింది. చేతులు కడుక్కునే వరుసల నాలుగో పిల్లకూ ఐదో పిల్లకూ నడుమ ఒక మనిషి పట్టేంత జాగ విడిచేటోళ్లు. సవిత "దగ్గరికి జరుగుండ్రి" అంటే ఎవరూ జరగకపోయేటోళ్లు. అన్నం కాడ చాప మీద గోడ పక్క జాగ ఖాళీగ ఉండేది. ఒకనాడు ఒక పోరి మరిచి అక్కడ కూసోబోతే, నలుగురు ఒక్కసారే "ఏయ్, చూసుకో!" అన్నరు, కాలు తొక్కబోతే అన్నట్టు.

పోశమ్మకు అరవై ఏండ్లు ఉంటయ్. ముప్పై ఏండ్ల సంది పిల్లల ముక్కులు తుడిచిన చెయ్యి. భయం ఎరగని మనిషి. ఒకనాడు పప్పు గంటె చేతుల వట్టుకొని సవిత పక్కకొచ్చి నిలవడ్డది.

"టీచరమ్మా, పందొమ్మిది ప్లేట్లు కడిగి వెట్టిన. పిల్లలు తలా ఒకటి తీసుకున్నరు. ఒకనికి తక్కువొచ్చింది. ఎట్లయితది?"

"తప్పు లెక్కవెట్టినవేమో అవ్వా."

"ఒక్కనాడయితే తప్పు. నాలుగు రోజుల సంది గిదే." ముసలామె గోడ పక్క ఖాళీ జాగ దిక్కు చూసింది. అక్కడ ఒక ప్లేటు ఉన్నది. ఎవరు వెట్టిన్రో ఏమో. ప్లేటు నిండ పప్పన్నం, ఎవరూ ముట్టలే. "గుడ్డు మాత్రం లేదు" అన్నది పోశమ్మ, లోపల్లోపల.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పిల్లల ఫోటో తియ్యాలె, అది రోజువారీ పని. ఫోన్ పట్టుకుంటే మొఖాల చుట్టూ పసుపు గీతల డబ్బలు పడ్తయ్. ఆనాడు సవిత డబ్బలు లెక్కవెట్టింది. పందొమ్మిది మంది పిల్లల మీద పందొమ్మిది. ఇరవయ్యోది గోడ పక్క, ఖాళీ జాగల, చాపకు జానెడున్నర ఎత్తున. అది వణకకుంట, కదలకుంట, కూసున్న పిల్ల మొఖం ఎంతుంటదో అంతే ఉన్నది. ఫోన్ జారి ఒళ్లె వడ్డది.

జనవరి నడుమ ఒకనాడు చెప్పకుంట మేడం వచ్చింది. స్వరూపరాణి చెడ్డ మనిషి కాదు, గని కండ్లు ఊరుకోవు. దారం మీద బొమ్మలు లెక్కవెట్టింది, ఇరవై. పిల్లల దిక్కు చూసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుకుంట లేచుకుంట ఉన్నరు, లెక్కకు దొరకరు.

"పేర్లు పిలువు సవితా, ఇంటా."

సవిత రిజిస్టర్ తీసి ఒక్కొక్క పేరే పిలిచింది. పిల్లలు నెత్తి మీద చెయ్యి వెట్టుకొని ఉన్న, ఉన్న, ఉన్న అన్నరు. పందొమ్మిది అయినయ్. ఇరవయ్యో పేరు చివరకు రాసుకున్నది. 'బయటికి పోయింది మేడం, ఒంటికి పోయింది' అని చెప్పాలె అనుకొని, పేరు పిలిచి, నోరు తెరిచింది.

"ఉన్న" అన్నది ఒక గొంతు.

సన్నటి గొంతు. గోడ పక్కకెళ్లి. పిల్లలెవరి పెదవులూ కదలలే. అందరూ అటు దిక్కే చూస్తున్నరు, తోటి పిల్ల జవాబు చెప్పినప్పుడు ఎట్ల చూస్తరో అట్ల, ఏ వింతా లేనట్టు. మేడం రిజిస్టర్ మీద సంతకం వెట్టి, చాయ్ తాగి పోయింది. దొంగకు తేలు కుట్టినట్టు సవిత కిక్కురుమనలే. ఎవరికి చెప్పుకుంటది? చెప్పాల్నంటే మొదటి అబద్ధం కాడికెళ్లి చెప్పాలె.

తెల్లారి ఆమె పందొమ్మిది పేర్లే పిలిచి రిజిస్టర్ మూసింది. పిల్లలు లేవలే.

"టీచర్, చందనను పిలువలే" అన్నది ఒక పోరి.

"చందన ఊరికి పోయింది గదా బిడ్డా."

"ఏడికి పోయింది? గీన్నే ఉంది. నెత్తి మీద చెయ్యి వెట్టుకొని కూసుంది. చెయ్యి నొస్తదంట, పిలువుండ్రి."

పిలిచింది. "ఉన్న." అప్పటికెళ్లి రోజూ పిలుసుడే. భయమంటే అర్థరాత్రి చీకట్ల వచ్చేదనుకుంటం గని, పదిగంటల ఎండల, పిల్లల నడుమ, పప్పు ఉడుకుతున్న వాసనల గంత భయముంటదని ఆమెకు ఆనాడే తెలిసింది. ఇంట్ల మొగడు చంద్రకాంత్ "ఏమైందే, అన్నం తింటలేవు" అంటే, "పని ఎక్కువైంది" అన్నది. అబద్ధం మీద అబద్ధం. ఒకటి ఆడినంక రెండోది పుక్కటికే వస్తది.

రెండో ఫోను జనవరి ఆఖరుకు వచ్చింది. సంధ్యారాణి గొంతుల అలసట ఉన్నది, గని నవ్వుకుంటనే చెప్పింది.

"మా పోరి మీ బడి మర్చిపోతలేదు టీచర్. రోజూ పది గంటలకు, ఎక్కడున్నా సరే, నెత్తి మీద చెయ్యి వెట్టుకొని 'ఉన్న' అంటది. మేము ఇటుకలు మోస్తుంటే పక్కన కూసోని ఒక్కతే అంటది. అందరం నవ్వుతం." నవ్వు ఆగింది. "ఆ తర్వాత ఇగ మాట్లాడది టీచర్. పొద్దుమూకేదాక గోడ దిక్కు చూసుకుంట కూసుంటది. బువ్వ వెడ్తే, బడిల తిన్న అంటది. ఏం తిన్నవే అంటే, అన్నం వెట్టిన్రు, గుడ్డు వెట్టలే అంటది. ఒళ్లు మస్తు గుంజింది. పేరు ఎక్కితే ఈడ పాలన్న, గుడ్డన్న దొరుకుతది. అయ్యిందా టీచర్?"

"అయితది సంధ్యా. ఈ వారంల అయితది" అన్నది. ఫోన్ తెరిచింది. చందన పేరు తీసింది. 'వలస పోయిన్రు' మీద వేలు వెట్టబోయింది. గప్పుడే గ్రూపుల మేడం మెసేజ్ వచ్చింది: ఈ సోమవారం గాక వచ్చే సోమవారం చివరి తనిఖీ, ఆ రోజే లిస్టు పోతది. సవిత లెక్క వేసుకున్నది. పది రోజులు. మూడు నెలలు ఆగిన పిల్ల పది రోజులు ఆగదా? మంగళవారం పొద్దున్నే తీసేస్తా, శివుని మీద ఒట్టు, అనుకొని ఫోన్ మూసింది.

ఇది ఆమె చేసిన రెండో తప్పు. మొదటిది తెల్వక చేసిందంటే నమ్మొచ్చు. ఇది తెలిసి చేసింది. ఆమె మీద ఎంత ప్రేమ, ఎంత పావురం ఉన్నా ఈ మాట దాచిపెట్టరాదు.

ఆ పది రోజుల నడుమనే తూకం రోజు వచ్చింది. నెలకొకసారి పిల్లలందర్ని మిషన్ మీద నిలవెట్టి, తూకం రాసి, కార్డు మీద చుక్క వెట్టాలె. ఆకుపచ్చ మీద పడితే బాగున్నట్టు, పసుపు పడితే తక్కువ, ఎరుపు పడితే గండం. చందనకు సవిత నెలనెలా కూసున్న కాడనే రెండు వందల గ్రాములు పెంచుకుంట వచ్చింది. పదకొండు ఎనిమిది వందలు. పన్నెండు. ఈ నెల పన్నెండు రెండు వందలని ముందే రాసి వెట్టింది. కాగితం మీద చందన బ్రహ్మాండంగ పెరుగుతున్నది, చుక్క పసుపు దాటి ఆకుపచ్చలకు వచ్చింది.

పందొమ్మిదో పిల్ల దిగింది. మిషన్ మీద అంకె సున్నకు రాలే. కొంచెం ఊగింది, నిలకడయింది.

12.2.

మిషన్ మీద ఎవ్వరూ లేరు. పోశమ్మ కూడ చూసింది. ముసలామె చేతుల చీపురు కింద వెట్టి, మిషన్ ముందట గొంతుకూసున్నది. మెల్లగ చెయ్యి చాపి, గాలిల, చిన్నపిల్ల నెత్తి ఉండే ఎత్తున నిమిరింది. చెయ్యి గబుక్కున వెనక్కు తీసుకున్నది.

"సల్లగున్నది" అన్నది. తర్వాత సవిత మొఖంలకు చూసింది. "ఏం చేసినవ్ టీచరమ్మా?"

"నేనేం చేసిన అవ్వా?"

"నువ్వు రాసేది నువ్వే ఎరుగుదువ్, నాకు చదువు రాదు. గని ఈ పిల్ల ఇక్కడ పెరుగుతున్నదంటే ఆడ ఏమయితున్నది? ఒక్క పిల్లనాయె. రెండు కాడ ఎట్ల పెరుగుతది?"

సవిత కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నీళ్లు తిరిగితే ఏం లాభం, వేలు కదలాలె గని.

సోమవారం వచ్చింది. పొద్దున్నే అర్ర అంత ఊడ్చి, పిల్లలకు తలలు దువ్వి, గోడ మీద ఏనుగుకు దుమ్ము దులిపిన్రు. గొడుగు బొమ్మ ఎప్పటిలెక్కనే బడి దారం మీద ఉన్నది. తొమ్మిదిన్నరకు మేడం వచ్చి కుర్చీల కూసున్నది. పదికి ఐదు నిమిషాలుండంగ సవిత ఫోన్ మోగింది. సంధ్యారాణి. సవిత పందిరి కిందికి పోయి ఎత్తింది.

సంధ్యారాణి ఈసారి నవ్వలే. "టీచర్, దవాఖానల ఉన్నం. పోరి మూడు రోజుల సంది కండ్లు తెరిచే ఉన్నది గని మమ్మల్ని చూస్తలేదు. తొమ్మిది కిలోలే ఉన్నదంట. రోగం ఏందో దొరుకుతలేదంటున్రు. పొద్దున పదయితే ఒక్క మాట అంటది, 'ఉన్న' అని. అన్నప్పుడల్ల ఒళ్లు ఇంకింత సల్లవడ్తున్నది టీచర్. నాకేం సమజయితలేదు. మీరన్నా పోరికి ఫోన్ల ఒక్క మాట చెప్పుండ్రి. మీ మాట ఇంటది."

"సవితా, పదయింది" అని లోపలికెళ్లి మేడం పిలిచింది.

సవిత ఫోన్ కట్ చెయ్యలే. అట్లనే చేతుల వట్టుకొని లోపలికి వచ్చింది. రిజిస్టర్ తీసింది. పిల్లలు వరుసగ కూసున్నరు, గోడ పక్క జాగ విడిచి. పందొమ్మిది పేర్లు పిలిచింది. పందొమ్మిది "ఉన్న"లు వచ్చినయ్. పిల్లలందరూ గోడ దిక్కు తిరిగిన్రు. దారం మీద గొడుగు బొమ్మ ఒక్కటే మెల్లగ ఊగుతున్నది. కిటికీ మూసే ఉన్నది. ఫోన్ల అవతలికెళ్లి దవాఖాన సప్పుడు, ఎవరిదో దగ్గు, సంధ్యారాణి ఊపిరి వినవస్తున్నయ్.

"చివరి పేరు పిలువు" అన్నది మేడం.

పిలిస్తే ఉన్న అంటది. అంటే ఇరవై అయితది. బడి ఉంటది. సవితకు ఆ క్షణం అన్నీ తెలుసు, ఏదీ దాగిలేదు. రిజిస్టర్ మూసింది.

"మేడం, ఆ పిల్ల ఇక్కడ లేదు. దసరా పోయినంకనే పట్నం పోయింది. నేనే దొంగ హాజరు వేసిన. దొంగ తూకం రాసిన. మా కాడ పందొమ్మిది మందే."

అని, మేడం ముందట్నే ఫోన్ల నొక్కింది. ఒక్క నొక్కు. సర్వర్ మంచిగనే పనిచేసింది. తర్వాత గోడ పక్కకు పోయి, ఆ ఖాళీ జాగ ముందట మోకాళ్ల మీద కూసున్నది. అక్కడ గాలి బోరింగు నీళ్ల లెక్క సల్లగ ఉన్నది.

"చందనా, పో బిడ్డా. అమ్మ కాడికి పో. నేను ఇగ పిలువ. నీ పేరు కూడ ఆడికే పంపిన. పో తల్లీ" అన్నది.

ఏ సప్పుడూ రాలే. నాలుగో పిల్ల ముందుగాల లేచింది. లేచి తలుపు దిక్కు చెయ్యి ఊపింది. "టాటా" అన్నది. తర్వాత అందరూ ఊపిన్రు. సల్లటి గాలి సవిత చెంప పక్కకెళ్లి పోయింది. గొడుగు బొమ్మ క్లిప్పు ఊడి కింద వడ్డది.

"టీచర్!" ఫోన్ల సంధ్యారాణి ఒర్రుతున్నది. "టీచర్, పోరి నా దిక్కు చూసింది! ఆకలయితున్నది అంటున్నది!"

మేడం కుర్చీలకెళ్లి లేచింది. ఆమెకేం సమజయిందో, ఎంత సమజయిందో తెల్వదు. పోయేముందు మాత్రం, "రాయక తప్పదు సవితా" అన్నది. రాసింది. మెమో వచ్చింది. మార్చిల అర్ర ఖాళీ చేసిన్రు. పందొమ్మిది మంది పిల్లలు, పోశమ్మ, సవిత, అందరూ పెద్దబజారు దిక్కున్న సెంటర్ల కలిసిన్రు. అక్కడ పెద్ద టీచర్ వేరే, సవిత ఆమె చేతి కింద. పాత అర్రల ఇప్పుడు ఎవరో ఎరువుల బస్తాలు వేసుకున్నరు. ఐదు కాళ్ల ఏనుగు ఆ బస్తాల వెనకనే ఉన్నదంట. సవిత ఏనాడూ చూడవోలే.

అవమానమైంది, నిజమే. గని రాత్రి నిద్ర పట్టేది. పిల్ల బతికింది గదా అని మనసుకు చెప్పుకున్నది. తను బడి ఇడిసిపెట్టి పిల్లను బతికించిన అని కూడ అనుకున్నది ఒకటి రెండు సార్లు. మనిషి బుద్ధే అంత, నాలుగు నెలలు పోంగనే చేసిన తప్పు కూడ త్యాగమైతది.

మిరుగం కార్తెకు వాన వడ్డది. పట్నం పోయినోళ్లు విత్తనాలు వెయ్యనీకి తిరిగొచ్చిన్రు. ఒకనాడు పొద్దున సంధ్యారాణి చందన చెయ్యి వట్టుకొని కొత్త సెంటర్‌కు వచ్చింది. పోరి జుట్టు కత్తిరించి ఉన్నది, కాళ్లు పుల్లలే, గని కండ్లు మంచిగున్నయ్. సంధ్యారాణి సవిత చేతులు వట్టుకొని, "ఆనాడు ఫోన్ల మీరేమన్నరో దవాఖాన లొల్లిల ఇనవడలే గని, మీరు పేరు పంపినంక ఆడ రోజూ గుడ్డు వెట్టిన్రు టీచర్. మీరే బతికించిన్రు" అన్నది. సవిత తల ఊపింది.

సంధ్యారాణి పోయినంక చందన గోడ దిక్కు చూసింది. కొత్త సెంటర్ల దారాలు లేవు. సవిత కాడ పాత గొడుగు బొమ్మ ఉండె. తీసి ఇచ్చింది. పోరి దాన్ని గౌను జేబుల వెట్టుకొని, చేతులు కడిగే వరుసల పోయి నిలవడ్డది. నాలుగో పిల్లకూ ఐదో పిల్లకూ నడుమ. వాళ్లు అడగకుంటనే జాగ ఇచ్చిన్రు.

పన్నెండు గంటలకు అన్నం వెట్టిన్రు. చందన ప్లేట్ల గుడ్డు సవితనే వెట్టింది. తన చేతులతోటే పొట్టు తీసి మరీ వెట్టింది. పోరి గుడ్డు దిక్కు చూసింది, సవిత దిక్కు చూసింది.

"ఇది నాకేనా?"

"నీకే బిడ్డా. తిను."

"శివానక్కకు వద్దా?"

సవిత గబుక్కున పోశమ్మ దిక్కు చూసింది.

"అప్పుడు రోజూ పేరు పిలిచినవ్" అన్నది చందన. కోపం లేదు, అలక లేదు, ఉన్న ముచ్చట చెప్తున్నట్టే చెప్పింది. "రోజూ ఉన్న అన్న. అందరికీ గుడ్డు వెట్టినవ్. నాది పచ్చ డబ్బల వెట్టినవ్. శివానక్క తలుపు వెనక తిన్నది. నేను పక్కన్నే నిలవడ్డ. అక్కను ఇంత అడిగిన, అక్కకు ఇనవడలే."

సవిత చాప మీద కూసున్నది. పోశమ్మ పప్పు గిన్నె వట్టుకొని అక్కడనే ఆగింది. చందన ఇద్దరి దిక్కూ కొంచెంసేపు చూసి, గుడ్డును రెండు ముక్కలు చేసి, పచ్చసొన ముందుగాల తిన్నది.